పాదరసం సరే, ఆ బురద మాట ఎవరు ఎత్తుతారు?

నీటిమట్టం
చిన్న తరహా బంగారు తవ్వకాల మీద ఏ వ్యాసం తెరిచినా పాదరసంతో మొదలై పాదరసంతోనే ముగుస్తోంది. బంగారు రేణువులకు పాదరసం కలిపితే రెండూ ముద్దగా అవుతాయి, ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. పాదరసం విషమే, ఆ మాట కాదనను. కానీ తాగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేసేవాడిగా నాకు నిద్ర పట్టనివ్వనిది బురద. ఘనాలో ప్రా నది మీద సెక్యెరే హెమాంగ్ అనే శుద్ధి కేంద్రం ఉంది. కేప్ కోస్ట్, ఎల్మినా పట్టణాలకు నీళ్ళు అక్కడి నుంచే వెళ్ళాలి. టర్బిడిటీ (నీటి మడ్డితనం, ఎన్‌టీయూల్లో కొలుస్తాం) 2,000 ఎన్‌టీయూ దాకా తట్టుకునేలా కట్టిన ఆ కేంద్రానికి సగటున 14,000 ఎన్‌టీయూ నీళ్ళు వస్తున్నాయని 2024 ఆగస్టులో అక్కడి నీటి సంస్థే ప్రకటించింది. ఉత్పత్తి సామర్థ్యంలో నాలుగో వంతుకు పడిపోయింది. కుళాయి నీళ్ళు 1 ఎన్‌టీయూ లోపు ఉండాలని మేం తాపత్రయపడతాం. 14,000 అంటే గాజు గ్లాసులో పోసి వెనక వేలు పెడితే వేలు కనిపించదు.

పైన తవ్వేవాళ్ళు ఒక్క చుక్క పాదరసం వాడకపోయినా ఈ నష్టం ఇలాగే ఉండేది. అయినా మట్టిని ఎవరూ విషం అనరు కాబట్టి దాని మాట ఎవరికీ పట్టదు. ఇలాంటి నది తేరుకోవడానికి ఎంత కాలం పడుతుంది? తవ్వేచోటే బురదను ఆపే మార్గాలు ఉన్నాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సందేహాలపుట్ట
చిన్న తరహా అంటే పళ్ళెం పట్టుకుని ఇసుక జల్లించేవాళ్ళు కదా? వాళ్ళ వల్ల ఒక నది మొత్తం ఇలా అవుతుందా?

శిలాక్షరం
పళ్ళెం కాలం చాలాచోట్ల పోయింది. ఇప్పుడు "చిన్న తరహా" కింద లెక్కలోకి వచ్చేవాటిలో ఎక్స్‌కవేటర్లు ఉన్నాయి, డీజిల్ పంపులు ఉన్నాయి, గట్టును నీటి ధారతో కోసి కూల్చే గొట్టాలు ఉన్నాయి, నది అడుగును పీల్చి పైకి తోడే పడవలు ఉన్నాయి. కంపెనీ లేదు, పెద్ద పెట్టుబడి లేదు, అందుకని చిన్నది అంటున్నాం. తవ్వే మట్టి మాత్రం చిన్నది కాదు.

నదీలోయల్లో బంగారం ఎక్కడ ఉంటుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. వేల ఏళ్ళుగా కొండల నుంచి కొట్టుకొచ్చిన రేణువులు పాత నదీగర్భంలోని కంకర పొరలో చేరతాయి. దాని మీద మీటర్ల కొద్దీ మట్టి, బంకమట్టి, ఆపైన సాగుకు పనికొచ్చే పైమట్టి. కంకర అందాలంటే ఇదంతా తీసి పక్కన పోయాలి. ఆ కంకరలోనైనా ఘనపు మీటరుకు గ్రాములో కొంత భాగమే బంగారం. మిగిలినదంతా కడిగి వదిలేసేదే.

కడగడం బరువు మీద ఆధారపడిన పని. బంగారం సాంద్రత 19.3, ఇసుక రేణువుది 2.65 దగ్గర. వాలుగా పెట్టిన చెక్క తొట్టిలో నీళ్ళు పారిస్తే బంగారం అడుగున పరిచిన గోనెలో, చాపలో చిక్కుతుంది, తేలికవి కొట్టుకుపోతాయి. ఇసుక కొంత దూరంలో కూర్చుంటుంది. బంకమట్టి కూర్చోదు. అది రోజుల తరబడి నీళ్ళలో వేలాడుతూ వందల కిలోమీటర్లు పోతుంది. నీటిమట్టం గారి గ్లాసులో ఉన్నది అదే.

తెల్లకొంగ
చేపల సంగతి కూడా రాయండి. వెలుతురు దిగకపోతే నాచు పెరగదు, నాచు లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే చేప లేదు. గుడ్లు పెట్టే గులకరాళ్ళ సందులన్నీ సన్నటి మట్టితో పూడిపోతే లోపల గుడ్లకు ఊపిరి ఆడదు. ఇందులో ఏ విషమూ అక్కర్లేదు. ఈ విషయంలో నేను పూర్తిగా నీటిమట్టం గారి పక్షం.

కొండవాగు
ఘనా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రోడ్ల పని మీద కొన్నేళ్ళు అక్కడ ఉన్నాను. అంకోబ్రా నది మీద వంతెన దాటేటప్పుడు పక్క సీటులోని స్థానిక డ్రైవరు కిటికీ అద్దం దించి చూసి ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. చిన్నప్పుడు అందులో ఈదినవాడు. నాకు కనిపించింది పాల టీ రంగు నీళ్ళు, గట్టు వెంట ఇసుక దిబ్బలు, దిబ్బల మధ్య ఆకుపచ్చగా నిలిచిన గుంటలు. కోకో తోటలు ఉండాల్సిన చోట కూడా గుంటలే. తోట యజమానులే కొందరు భూమిని తవ్వకానికి ఇచ్చారని విన్నాను. కోకో మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. తవ్వకం డబ్బు వెంటనే చేతిలో పడుతుంది.

చేతిపని
ఇక్కడ అందరూ నది వైపు నిలబడి మాట్లాడుతున్నారు. గుంటలో నిలబడినవాడి వైపు నుంచి ఒకరైనా మాట్లాడాలి. ప్రపంచంలో కోటిన్నర నుంచి రెండు కోట్ల మంది ఈ పని మీద బతుకుతున్నారని అంచనా. అందులో 40, 50 లక్షల మంది స్త్రీలు, పిల్లలు. కొత్తగా వచ్చే బంగారంలో అయిదో వంతు వీళ్ళ చేతుల మీదుగానే వస్తోంది. గట్టు కూలి మీద పడుతుందని తెలిసీ దిగుతున్నారంటే ఇంకో దారి లేకనే. పైగా పెద్ద గనులు ఏమైనా పుణ్యాత్ములా? 2000 జనవరిలో రొమేనియాలోని బయా మారేలో కట్ట తెగి లక్ష ఘనపు మీటర్ల సయనైడ్ నీళ్ళు తీసా నది గుండా డాన్యూబ్ దాకా పోయాయి. అది బంగారం తీసే పెద్ద సంస్థ చెరువు. పళ్ళెం పట్టినవాళ్ళు చేసింది కాదు.

నీటిమట్టం
చేతిపని గారూ, గుంటలో దిగినవాడి మీద నాకు కోపం లేదు. కానీ నది దిగువన బిందె పట్టుకుని నిలబడిన ఆడమనిషి కూడా పేదదే. ఆమెకు ఆ బంగారంలో వాటా లేదు. పెద్ద గని చెడ్డదైతే చిన్న గుంట మంచిదైపోదు కదా.

శిలాక్షరం
పెద్ద గనికి ఒక చిరునామా ఉంటుంది, కట్ట తెగితే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. వేల గుంటలు వేల మందివి. తవ్వడం అయ్యాక ఎవరి గుంట ఎవరిదో చెప్పేవాళ్ళు ఉండరు. నేలను బాగుచేసే ఖర్చు అడగడానికి మనిషి దొరకడు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

రసాయనం_మాస్టారు
మొదటి పోస్టుతో నాకు ఒక పేచీ ఉంది. బురద వేరు, పాదరసం వేరు అన్నట్టు రాశారు. నదిలో అవి విడివిడిగా ప్రయాణించవు.

పాదరసం నీళ్ళలో కరగడం చాలా తక్కువ. సన్నటి బంకమట్టి రేణువులకు, కుళ్ళిన ఆకుల సేంద్రియ పదార్థానికి అంటుకుంటుంది. అంటే మీరు చెప్పే బురదే దాన్ని మోసుకెళ్ళే వాహనం. అంతేకాదు, తవ్వే మట్టిలోనూ సహజంగా కొంత పాదరసం ఉంటుంది. పైమట్టిని నదిలోకి తోస్తే మనం కొత్తగా పోయకపోయినా అది నదిలో చేరుతుంది. కాబట్టి బురదను ఆపితే పాదరసంలో మంచి భాగాన్ని ఆపినట్టే.

ఆ తర్వాతి కథ అడుగు మట్టిలో జరుగుతుంది. ఆక్సిజన్ లేని బురదలో కొన్ని రకాల బ్యాక్టీరియా దీన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది జీవుల శరీరంలో నిలిచిపోతుంది. నాచులో కొద్దిగా, నాచు తినే పురుగులో ఇంకొంచెం, చిన్న చేపలో మరికొంత, చిన్న చేపల్ని తినే పెద్ద చేపలో అన్నిటికన్నా ఎక్కువ. నీళ్ళలో ఉన్నదానికన్నా వేటాడే చేప కండలో లక్షల రెట్లు ఉండవచ్చు.

సందేహాలపుట్ట
మరి నీళ్ళు మరిగించి తాగితే పాదరసం పోతుందా?

రసాయనం_మాస్టారు
పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహాలు అలాగే ఉంటాయి. అయితే చాలామంది పొరపడే చోటు ఇంకొకటి ఉంది. తాగునీటిలో అకర్బన పాదరసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 6 మైక్రోగ్రాములు. తవ్వకాల దిగువన నీళ్ళు పట్టి పరీక్షిస్తే చాలాసార్లు ఆ హద్దు లోపే వస్తుంది. "నీళ్ళు బాగున్నాయి" అని కాగితం ఇచ్చేస్తారు. చేపను మాత్రం ఎవరూ పరీక్షించరు. నది ఎలా ఉందో తెలియాలంటే నీటి సీసాతో పాటు చేప కండను, అడుగు మట్టిని కూడా పంపాలి.

మందులచీటి
మాస్టారు చెప్పినదానికి వైద్యం వైపు నుంచి ఒక ముక్క. పాదరసం ముద్దను కాల్చేవాడు ఆవిరి పీలుస్తాడు, అది మూత్రపరీక్షలో బయటపడుతుంది. దిగువన చేప తినేవాడికి మిథైల్ మెర్క్యురీ చేరుతుంది, అది వెంట్రుకలో కనిపిస్తుంది. ఊరందరికీ మూత్రపరీక్ష చేసి "ఏమీ లేదు" అని తేల్చిన నివేదిక ఒకటి నా కళ్ళారా చూశాను. ఆ ఊళ్ళో తవ్వేవాళ్ళే లేరు, అందరూ చేపలు తినేవాళ్ళే! గర్భంలోని బిడ్డ మెదడుకు అన్నిటికన్నా ఎక్కువ ముప్పు. తల్లికి పైకి ఏ లక్షణమూ లేకపోయినా బిడ్డకు నష్టం జరగవచ్చు.

నీటిమట్టం
మాస్టారు చెప్పినది ఒప్పుకుంటాను, రెండూ కలిసే ప్రయాణిస్తాయి. కానీ అప్పుడు కూడా ముందు ఆపాల్సింది బురదనే అవుతుంది. నా పాయింటు మరింత గట్టిపడింది.

రసాయనం_మాస్టారు
అంతలోనే గెలిచినట్టు ప్రకటించుకోకండి. పొగ సంగతి ఇంకా రాలేదు. పాదరసం మరిగేది 357 డిగ్రీల దగ్గర, చిన్న కుంపటి మీద కాల్చినా ఆవిరై పోతుంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2015లో మనుషుల వల్ల గాలిలోకి చేరిన పాదరసంలో దాదాపు 38 శాతం, అంటే 838 టన్నుల చిల్లర, ఈ చిన్న తవ్వకాలదే. బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాలు కూడా దీని వెనకే. ఈ ఆవిరికి బురదతో సంబంధం లేదు, బురదను తేర్చే మీ సెటిల్‌మెంట్ చెరువు దీన్ని ఆపలేదు.

పాతకాగితం
"ఎంత కాలం పడుతుంది" అన్న అసలు ప్రశ్నను అందరూ దాటేశారు. దానికి చరిత్రలో ఒక మంచి కొలత ఉంది. 19వ శతాబ్దపు కాలిఫోర్నియా.

అక్కడ 1850ల నుంచి కొండల్ని పెద్ద గొట్టాల నీటి ధారతో కోసి బంగారం తీశారు. కొట్టుకొచ్చిన రాళ్ళూ మట్టీ యూబా నదిని పూడ్చేశాయి. నది అడుగు లేచి లేచి చుట్టుపక్కల పొలాల కన్నా ఎత్తుకు వచ్చింది. మేరీస్‌విల్ పట్టణం చుట్టూ కట్టలు కట్టుకోవాల్సి వచ్చింది. వరదలకు పొలాల మీద ఇసుక మేట వేసేది. రైతులు కోర్టుకెక్కారు, 1884 జనవరిలో జడ్జి లోరెంజో సాయర్ ఆ మట్టిని నదుల్లోకి వదలకూడదని తీర్పు ఇచ్చాడు. గమనించండి, ఆ కేసు మొత్తం మట్టి మీదే. పాదరసం మాట ఎవరూ ఎత్తలేదు.

తవ్వకం ఆగింది. మట్టి ఆగలేదు. గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కొలిచి 1917లో నివేదిక ఇచ్చాడు. ఆ పూడిక ఒక అలలాగా నెమ్మదిగా దిగువకు కదులుతోందని తేల్చాడు. శాక్రమెంటో నది అడుగు పాత మట్టానికి దిగడానికి దశాబ్దాలు పట్టింది. బంగారం పట్టడానికి అక్కడి తొట్టెల్లో పోసిన పాదరసంలో సుమారు 4,500 టన్నులు నదుల పాలైందని అమెరికా భూగర్భ సర్వే అంచనా. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో కొన్ని చేపల్ని ఎక్కువ తినవద్దని ఈనాటికీ హెచ్చరికలు ఉన్నాయి.

కాబట్టి నీటిమట్టం గారూ, మట్టికి తరాలు, పాదరసానికి అంతకన్నా ఎక్కువ.

తెల్లకొంగ
పాతకాగితం గారి పోస్టు రెండుసార్లు చదివాను. 1884లోనే మట్టి మీద గెలిచిన రైతులు ఉన్నారంటే ధైర్యంగా ఉంది.

చేతిపని
ఆ రైతులకు పట్టా భూములు ఉన్నాయి, లాయర్లు ఉన్నారు. అడవి నది ఒడ్డున బతికేవాళ్ళకు అవేవీ లేవు.

పాతకాగితం
నిజమే. అయితే కొలంబియాలో అత్రాతో నది కేసు వేసింది అలాంటివాళ్ళే, ఒడ్డున బతికే జాతుల సంఘాలు. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నదికే హక్కులు ఉన్నాయని తీర్పు చెప్పింది. తవ్వకాలు ఆగలేదు, అది వేరే సంగతి. కానీ అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంది.

అడవిబాట
నేల గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. నేను అడవుల పునరుద్ధరణ పనిలో ఉన్నాను కాబట్టి నా బాధ నేను చెప్పుకుంటాను.

పొలం కోసం నరికిన అడవిని వదిలేస్తే చాలాచోట్ల మళ్ళీ మొలుస్తుంది. తవ్వి వదిలేసిన నేల అలా కాదు. కడిగేటప్పుడు బంకమట్టి, ఆకుల ఎరువు, విత్తనాలు అన్నీ నదిలోకి పోయాయి. మిగిలింది కడిగిన ఇసుక, గులకరాళ్ళు. వాన కురిస్తే నీరు నిలవదు, ఎండకు పైపొర కాలిపోతుంది. గయానాలో తవ్వి వదిలేసిన గుంటల్ని, వ్యర్థపు చెరువుల్ని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నాలుగేళ్ళ తర్వాత కూడా చెట్లు దాదాపు పెరగలేదని తేలింది. అడ్డుపడుతున్నది ముఖ్యంగా నత్రజని లేమి, పాదరసం కాదు. ఈ ఒక్క విషయంలో నీటిమట్టం గారు చెప్పిందే నిజం. పాదరసం లేకుండా తవ్వినా అడవి తిరిగి రాదు.

పెరూలోని మాద్రె దె దియోస్‌లో 1984 నుంచి 2017 మధ్య దాదాపు లక్ష హెక్టార్ల అడవి ఇలా పోయింది. పోయిన చోట వేల చెరువులు మిగిలాయి. అవి మామూలు చెరువులు కావు. నీరు కదలదు, అడుగున ఆక్సిజన్ ఉండదు, మాస్టారు చెప్పిన బ్యాక్టీరియాకు అంతకన్నా అనువైన చోటు లేదు. పక్కన పారే నదితో పోలిస్తే ఆ చెరువుల్లో మిథైల్ మెర్క్యురీ తయారయ్యే వేగం 5 నుంచి 7 రెట్లు ఉందని అక్కడి పరిశోధకులు కొలిచారు. వాటిలో చేపలు పెంచుకుందామని ఎవరైనా అంటే వద్దని మొత్తుకుంటాను.

మందులచీటి
ఆ గుంటల్లో దోమలు కూడా. వెనెజులాలోని బొలీవార్ రాష్ట్రంలో మలేరియా మళ్ళీ విజృంభించడానికి బంగారు గుంటలు పెద్ద కారణం.

సందేహాలపుట్ట
గుంట పూడ్చకుండా వదిలేస్తే జనం అందులో పడి చావడం గురించి కూడా చదివాను. వానాకాలంలో నీరు నిండితే దారి ఏదో గుంట ఏదో తెలియదట.

కొండవాగు
అవును, నేను ఉన్న ప్రాంతంలో బడికి వెళ్ళే పిల్లలకు ఆ దారి వద్దని పెద్దవాళ్ళు రోజూ చెప్పేవాళ్ళు.

అడవిబాట
మాస్టారి పొగ మాటకు ఒక ముక్క కలుపుతాను. పాదరసం ఆవిరిని చెట్ల ఆకులు పట్టుకుంటాయి. ఆకు రాలినప్పుడు, వాన కడిగినప్పుడు అది నేలకు దిగుతుంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో మాద్రె దె దియోస్‌లోని లోస్ అమిగోస్ పరిరక్షణ ప్రాంతంలో, ఎవరూ ఒక చెట్టు కూడా కొట్టని అడవిలో, మట్టిలోనూ పాటపిట్టల్లోనూ పాదరసం పేరుకున్నట్టు తేలింది. దగ్గర్లోని తవ్వకాల పొగే కారణం. పచ్చగా ఉంది కాబట్టి శుభ్రంగా ఉందనుకోవడానికి వీల్లేదు.

తూకంరాయి
సరే, నష్టం ఎంతో తెలిసింది. ఏం చేయాలి? "పోలీసుల్ని పంపండి" అని ఎవరైనా రాసేలోపు నేనే రాస్తాను. పెరూ 2019 ఫిబ్రవరిలో మాద్రె దె దియోస్‌లోని తవ్వకాల ప్రాంతమైన లా పాంపా మీదికి సైన్యాన్ని, పోలీసుల్ని పంపింది. అక్కడ అడవి నరకడం బాగా తగ్గింది. కొంత తవ్వకం మాత్రం పరియమాను లాంటి వేరే నదీతీరాలకు జరిగింది. బంగారం ధర పెరుగుతూ పోతుంటే కంచె వేసిన చోటి నుంచి కంచె లేని చోటికి పోతారు.

తెల్లకొంగ
బాగా తగ్గిందని మీరే అంటున్నారు. తగ్గిన చోట తగ్గడం మేలు కాదా? ఏమీ చేయకుండా ఉంటే రెండు చోట్లా పోయేది.

తూకంరాయి
మేలే. కానీ కాపలా తీసేసిన రోజు నుంచి మళ్ళీ మొదటికి వస్తుంది. సైన్యం ఎన్నాళ్ళు గట్టు మీద కూర్చుంటుంది?

పాతమూస
బంగారం పనివాడిని పిలవకుండానే బంగారం మీద ఇంత చర్చ నడిపేశారా! మా కుటుంబ వృత్తి ఇది. పాదరసం వదిలించుకునే మార్గాలు ఉన్నాయి, వాటి గురించి చెబుతాను.

మొదటిది రిటార్ట్. ముద్దను మూసిన పాత్రలో పెట్టి వేడి చేసి, ఆవిరిని గొట్టం గుండా చల్లబరిచి మళ్ళీ ద్రవంగా పట్టుకోవడం. సరిగ్గా వాడితే 90 శాతం పైన పాదరసం తిరిగి చేతికి వస్తుంది. కొన్నదాన్ని మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి తవ్వేవాడికి కూడా లాభమే.

రెండోది అసలు పాదరసమే అక్కర్లేని పద్ధతి. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బరువును బట్టి బాగా వడగట్టిన రేణువులకు వెలిగారం (బోరాక్స్) కలిపి మూసలో పెడితే ఇంకా తక్కువ వేడికే కరిగి, మలినాలు వెలిగారంతో కలిసి పైకి తేలతాయి. ఫిలిప్పీన్స్‌లోని బెంగెట్‌లో చిన్న గనులవాళ్ళు దశాబ్దాలుగా ఇలాగే చేస్తున్నారు. వెలిగారం మా పనిముట్ల పెట్టెలో ఎప్పుడూ ఉండేదే, దాని పనితనం నాకు తెలుసు.

సందేహాలపుట్ట
ఇంత సులువైతే అందరూ ఎందుకు చేయరు?

పాతమూస
సులువు కాదు. ముందు రేణువుల్ని చాలా శుభ్రంగా వడగట్టాలి, దానికి ఓపిక, నేర్పు కావాలి. అన్ని రకాల రాయికీ పనికిరాదు. పాదరసం అయితే కలిపి పిండితే చాలు, సాయంత్రానికి డబ్బు. అప్పు ఇచ్చినవాడే పాదరసం తెచ్చి ఇస్తాడు, బంగారం కూడా అతనే కొంటాడు. నేర్చుకునే తీరిక వాళ్ళకు ఎవరు ఇస్తున్నారు?

శిలాక్షరం
ఇంకో మాట. మొత్తం రాతిపొడిని పాదరసంతో కలిపి మరబట్టే పద్ధతిలో రాయిలో ఉన్న బంగారంలో సగం కూడా చేతికి రాదు. అంటే విషమూ ఎక్కువ, నష్టమూ ఎక్కువ. ముందు వడగట్టి ఆ కొద్దిపాటి బరువు రేణువులకే వాడితే పాదరసం ఖర్చు ఎన్నో రెట్లు తగ్గుతుంది.

రసాయనం_మాస్టారు
మిగిలిపోయిన ఆ బంగారం కోసం ఆ వ్యర్థాన్ని, బంగారాన్ని సయనైడ్‌లో కరిగించి తీసే తొట్టెలవాళ్ళకు అమ్ముతారు. అసలు ప్రమాదం అక్కడ. సయనైడ్ ఒక్కటే అయితే ఎండలో, గాలిలో క్రమంగా విరిగిపోతుంది. పాదరసం ఉన్న మట్టిలో పోస్తే రెండూ కలిసి నీళ్ళలో కరిగే సమ్మేళనం అవుతుంది. మట్టికి అంటుకుని ఉండాల్సిన పాదరసం నీటితో పాటు ప్రయాణం మొదలుపెడుతుంది. 2013లో కుదిరి 2017 ఆగస్టు 16 నుంచి అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందం నాలుగు పనుల్ని నిర్మూలించాలని దేశాలకు చెప్పింది. మొత్తం రాతిపొడికి పాదరసం కలపడం, ముద్దను బహిరంగంగా కాల్చడం, ఇళ్ళ మధ్య కాల్చడం, పాదరసం తీయకుండా సయనైడ్ పోయడం. నాలుగూ సరైనవే.

నీటిమట్టం
నాలుగింటిలో బురద లేదు చూశారా!

రసాయనం_మాస్టారు
అది పాదరసం మీద ఒప్పందమండీ, బురద మీద కాదు. :)

మందులచీటి
రాయి పొడి చేసే మాట వచ్చింది కాబట్టి జంఫారా గురించి తప్పక చెప్పాలి. 2010లో నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో బంగారం ఉన్న రాయిలో సీసం కూడా విపరీతంగా ఉంది. ఆ రాయిని ఇళ్ళలోనే పగలగొట్టారు, ధాన్యం మరల్లో పొడి చేశారు. ధూళి ఇంటి వాకిట్లో, పిల్లలు ఆడుకునే మట్టిలో చేరింది. కనీసం 400 మంది పిల్లలు చనిపోయారు. ఎం.ఎస్.ఎఫ్. (సరిహద్దులు లేని వైద్యులు అనే అంతర్జాతీయ సేవాసంస్థ) వైద్యులు చికిత్స మొదలుపెట్టారు, కానీ మట్టి మార్చని ఇంటికి బిడ్డను పంపితే మందు వృథా. కాబట్టి ముందు ఊళ్ళలో పైమట్టిని గీరి తీసి శుభ్రమైన మట్టి పోశారు. బగేగా అనే ఊరి వంతు వచ్చేసరికి 2013 అయింది. అంతవరకు అక్కడి పిల్లలు చికిత్స కోసం ఎదురుచూశారు. అక్కడ చంపింది పాదరసం కాదు, నదిలోని బురదా కాదు. కాబట్టి మీ ఇద్దరి పోటీ ఆపి రాయిలో ఏముందో ముందు చూడమని నా విన్నపం.

శిలాక్షరం
నూటికి నూరుపాళ్ళు. బంగారం ఉన్న రాయిలో ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజాలు ఉండటం చాలా మామూలు. పొడి చేసి గాలికి, వానకు వదిలేస్తే గంధకం ఆమ్లంగా మారి ఆర్సెనిక్‌ను, ఇతర లోహాల్ని బావుల దాకా దింపుతుంది. తవ్వకం ఆగిన చాలా ఏళ్ళకు కూడా ఇది సాగుతుంది.

ఇక బురదను ఆపే మార్గాల గురించి. నది అడుగులో, గట్టు మీద తవ్వకూడదు, కొంత దూరం వదలాలి. ఇది లేకపోతే మిగిలినవేవీ పనిచేయవు. పైమట్టిని విడిగా తీసి కుప్పపోయాలి, కింది మట్టితో కలపకూడదు. కడిగిన నీటిని నదిలోకి వదలకుండా వరస చెరువుల్లో తేర్చి మళ్ళీ అదే నీటితో కడగాలి. ఒక గుంట తవ్వేటప్పుడు వచ్చే మట్టితో వెనకటి గుంటను పూడ్చాలి, చివర్న పైమట్టి పరచాలి. ఎక్స్‌కవేటర్ అక్కడ ఉండగానే చేస్తే ఖర్చు తక్కువ. అది వెళ్ళిపోయాక ఎవరూ తిరిగి తీసుకురారు.

చేతిపని
ఇవన్నీ చేయాలంటే ఆ నేల మీద రేపు కూడా తనే ఉంటానన్న భరోసా ఉండాలి. అనుమతి లేనివాడు రాత్రికి రాత్రి తవ్వి తెల్లవారేలోపు పారిపోవాలి. అతను పైమట్టిని విడిగా కుప్ప పోస్తాడా? ముందు హక్కు ఇవ్వండి, ఆ తర్వాత బాధ్యత అడగండి.

అడవిబాట
అనుమతి కాగితాలు ఉన్నవాళ్ళు కూడా గుంటలు వదిలి వెళ్ళడం నేను చూశాను. కాగితం మట్టిని పూడ్చదు. నేలను సరిచేశాకే తిరిగి ఇచ్చేలా ముందుగా డబ్బు కట్టించుకోవాలి.

చేతిపని
ముందుగా కట్టే డబ్బు ఉంటే అతను గుంటలోకి ఎందుకు దిగుతాడు?

తూకంరాయి
ఎక్స్‌కవేటర్ కిరాయికి తెచ్చేవాడికి డబ్బు ఉంది. దిగే కూలి నుంచి కాకుండా యంత్రం యజమాని నుంచి, బంగారం కొనేవాడి నుంచి వసూలు చేయాలి. తవ్వేవాళ్ళు వేలల్లో ఉంటారు, కొనేవాళ్ళు కొద్దిమంది. పట్టుకోవడం కూడా అక్కడే సులువు. పాదరసం సరఫరాలో ఇదే చేశారు. ఐరోపా సమాఖ్య 2011లో, అమెరికా 2013లో పాదరసం ఎగుమతిని నిషేధించాయి. దొంగదారులు మిగిలే ఉన్నాయి, ఒప్పుకుంటాను.

అడవిబాట
యంత్రం యజమాని నుంచి అన్న మాట నాకు నచ్చింది. చేతిపని గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

చేతిపని
ఆ డబ్బును అతను కూలిలో కోసుకోకుండా చూడగలిగితే ఒప్పుకుంటాను. చూడగలరని నాకు నమ్మకం లేదు.

పాతకాగితం
బురద గురించి ఎవరూ మాట్లాడరన్న మొదటి ఫిర్యాదుకు ఒక చిన్న ఊరట. ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఒక పరిశోధన 2023లో నేచర్ పత్రికలో వచ్చింది. 49 దేశాల్లో తవ్వకాల వల్ల మారిన 173 నదుల్ని గుర్తించారు. వాటిలో 80 శాతం నదుల్లో నీటిలో తేలే మట్టి తవ్వకాల ముందున్న దానికి రెట్టింపు దాటింది. చాలావరకు బంగారమే.

నీటిమట్టం
ఇది నాకు తెలియదు, చాలా మంచి సమాచారం. రేపే వెతికి చదువుతాను.

తెల్లకొంగ
నీటిమట్టం గారూ, ఒక ప్రశ్న. మా నదీ మిత్రబృందం దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. ఒక తవ్వకం వల్లే బురద పెరిగిందని చూపించాలంటే ఏం చేయాలి? వాన వల్ల అంటారేమోనని భయం.

నీటిమట్టం
తప్పకుండా అంటారు. అందుకే తవ్వకానికి పైన ఒక చోట, కింద ఒక చోట, ఒకే రోజు, వీలైతే ఒకే గంటలో నీళ్ళు పట్టండి. వాన అయితే రెండు చోట్లా పెరుగుతుంది. పైన తేటగా ఉండి కింద మాత్రమే పెరిగితే కారణం మధ్యలో ఉంది. వానలు లేని కాలంలో పట్టిన నమూనాలకు బలం ఎక్కువ. మధ్యలో ఉపనది కలిస్తే దాన్నుంచి కూడా విడిగా పట్టాలి, లేకపోతే నింద దాని మీదికి తోస్తారు. టర్బిడిటీ మీటరు లేకపోతే అడుగున నలుపు తెలుపు గుర్తు ఉన్న పొడవాటి పారదర్శక గొట్టం చాలు. నీళ్ళు పోస్తూ గుర్తు కనిపించకుండా పోయిన ఎత్తును సెంటీమీటర్లలో రాసుకోండి. తేదీ, సమయం, ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరి.

రసాయనం_మాస్టారు
అదే చోట అడుగు మట్టి కూడా కొద్దిగా తీసి మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టండి. పాదరసం పరీక్ష ఇప్పుడు చేయించలేకపోయినా చల్లటి చోట దాచండి. చేప అయితే వేటాడే రకం, దాని పొడవు, బరువు రాసి కండ ముక్కను గడ్డకట్టించాలి. ప్రయోగశాలవాళ్ళు మొదట అడిగేది ఆ పొడవే.

తెల్లకొంగ
పొడవు ఎందుకు?

రసాయనం_మాస్టారు
పెద్ద చేప ఎక్కువ కాలం బతికినది, ఎక్కువ పోగుచేసుకుని ఉంటుంది. పై చోట చిన్న చేపను, కింది చోట పెద్ద చేపను పోలిస్తే ఎదుటివాళ్ళు ఒక్క మాటలో కొట్టేస్తారు. ఒకే జాతి, దగ్గర దగ్గర పొడవు చూసుకోండి.

తెల్లకొంగ
అర్థమైంది. ఈ వారంలో గొట్టం తయారుచేసి మొదటి కొలతలు ఇక్కడే పెడతాను.